గుల్లలు మానేయాలా అని తాళ్లరేవు నుంచి వచ్చిన ప్రశ్నకు

మీరు రాసింది నాకు అర్థమైనంతలో ఇది. మీది తాళ్లరేవు మండలం. పాటు సమయంలో నీళ్లు తగ్గినప్పుడు మీ అత్తగారు బురదమేటల మీదికి వెళ్లి గుల్లలు ఏరి తెస్తారు. వారానికి రెండు మూడు సార్లు ఇంట్లో అదే కూర. మీకిప్పుడు ఐదో నెల, ఇంట్లో నాలుగేళ్ల బాబు. గోదావరి ముఖద్వారాల దగ్గరి గుల్లల్లో కాడ్మియం, సీసం, ఆర్సెనిక్ పరిమితికి మించి ఉన్నాయని ఒక పరిశోధన పత్రంలోని పట్టికను మీ మరిది ఫోనులో పంపాడు. అప్పటినుంచి ఇంట్లో వాదన నడుస్తోంది. మానేయాలా, బాగా ఉడికిస్తే పోతుందా, రక్తపరీక్ష చేయించుకోవాలా అని మీరు అడిగారు.

జవాబు ముందే చెప్పేస్తాను. మీరూ బాబూ బాగా తగ్గించండి. మీ అత్తగారు మానక్కర్లేదు కానీ ఏరే చోటు మార్చాలి. ఉడికిస్తే లోహం పోదు. పరీక్షలకు ఇప్పుడే పరుగెత్తనక్కర్లేదు. ఇక కారణాలు. ఎగుమతికి వెళ్లే రొయ్యలు, పీతలు, గుల్లల్లో లోహాలు కొలిచే ప్రయోగశాలలో పనిచేసి రిటైరైనవాడిని కాబట్టి కాస్త పొడుగ్గానే చెబుతాను.

మొదట ఆ పట్టిక సంగతి. అందులో అంకెల పక్కన ‘పొడి బరువు’ అని ఉందో లేదో చూడండి. సముద్ర జీవుల మీద రాసే పరిశోధన పత్రాల్లో చాలావాటిలో మాంసాన్ని పూర్తిగా ఎండబెట్టి, పొడి చేసి, ఆ పొడిలో లోహం ఎంత ఉందో చెబుతారు. ఒక చోటి గుల్లను మరో చోటి గుల్లతో పోల్చడానికి అదే సరైన పద్ధతి. ఆహార ప్రమాణాలు మాత్రం తడి బరువు మీద, అంటే మనం గిన్నెలో వేసే పచ్చి మాంసం మీద ఉంటాయి. గుల్ల మాంసంలో ఐదింట నాలుగు వంతులు నీరే. కిలో పచ్చి నెత్తళ్లు ఎండితే ఎంతకు దిగుతాయో మీకు తెలుసు కదా, లెక్క అలాంటిదే. ఉదాహరణకు పొడి బరువులో కిలోకు 4 మిల్లీగ్రాముల కాడ్మియం అని రాసి ఉంటే, తడి బరువులో అది సుమారు 0.8 మిల్లీగ్రాములు. యూరప్ పెట్టిన పరిమితి గుల్లలకు, ఆల్చిప్పలకు కిలోకు 1 మిల్లీగ్రాము. అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు రూపొందించే కోడెక్స్ సంస్థ సముద్రపు గుల్లలకు పెట్టింది 2 మిల్లీగ్రాములు. పొడి బరువు అంకెను తీసుకొచ్చి తడి బరువు పరిమితి పక్కన పెట్టి ‘నాలుగు రెట్లు విషం’ అని పంచేవాళ్లను చాలామందిని చూశాను. మీ మరిది ఆ పట్టికను మళ్లీ తెరిచి చూస్తే ఇంట్లో సగం వాదన తగ్గవచ్చు.

సగమే అన్నాను. మిగతా సగం నిజంగా ఆలోచించవలసినదే.

గుల్ల బతికే తీరే అలాంటిది. నీటిని లోపలికి పీల్చి, మొప్పల మీద పడిన నలుసులను తిని, మిగిలిన నీటిని వదిలేస్తుంది. బాగా పెరిగిన ఆల్చిప్ప ఒక్కటి గంటకు కొన్ని లీటర్ల నీటిని వడగట్టగలదు. ఆ నలుసుల్లో నాచుతోపాటు సన్నటి ఒండ్రు కూడా ఉంటుంది, ఆ ఒండ్రుకు లోహాలు అంటుకుని ఉంటాయి. కాడ్మియంను పట్టి ఉంచే ప్రత్యేకమైన ప్రొటీన్లు గుల్ల శరీరంలో ఉన్నాయి. అవి ఆ లోహం గుల్లకు హాని చేయకుండా కట్టిపడేస్తాయి. గుల్ల క్షేమంగానే ఉంటుంది, లోహం మాత్రం దాని జీర్ణగ్రంథిలో పేరుకుపోతుంది. అందుకే మంచి రంగుతో, మంచి వాసనతో, బతికున్న గుల్ల అని చూసి లోహం లేదని అనుకోవడానికి లేదు. మీవైపు దొరికే గుల్లల్లో కోస్తే రక్తంలాంటి ఎర్రటి నీరు కారే రకం ఉంది. ఆ ఎరుపు లోహకాలుష్యం కాదు, దాని రక్తంలోనే మనకున్నట్లు హిమోగ్లోబిన్ ఉంటుంది. ఇనుము బాగా అందించే తిండి అది. కాకపోతే కాడ్మియం కూడబెట్టడంలో కూడా ఆ రకానికి పేరుంది.

ఇంకో సంగతి. గోదావరి ఒండ్రులో రాగి, నికెల్, క్రోమియం, మాంగనీసు కాస్త ఎక్కువగా కనిపిస్తే అదంతా ఫ్యాక్టరీల పుణ్యమే అనుకోకండి. మన నది నాసిక్ దగ్గర పుట్టి, మహారాష్ట్రలో వందల కిలోమీటర్లు దక్కన్ నల్లరాతి మీదుగా వస్తుంది. ఆ రాయిలోనే ఈ లోహాలు ఉన్నాయి. బైలాడిల్లా ఇనుప గనుల వైపు నీళ్లు కూడా ఇంద్రావతి ద్వారా చివరికి మన నదిలోకే చేరతాయి. ధవళేశ్వరం దాటి డెల్టాకు వచ్చేసరికి ఈ సహజమైన మూటకు మనం చేర్చేవి చేరతాయి. ఫాస్ఫేట్ ఎరువుల్లో రాతి ఫాస్ఫేట్ నుంచి వచ్చే కాడ్మియం కొద్దిగా ఉంటుంది, అది పొలాల నుంచి మురుగు కాలువల్లోకి దిగుతుంది. చెరువుల్లో నాచు చంపడానికి వేసే మైలుతుత్తం రాగిని తెస్తుంది. పడవల అడుగుకు పూసే రంగుల్లోనూ రాగి ఉంటుంది. పట్టణాల మురుగు సరేసరి. కాకినాడ అఖాతానికి హోప్ ఐలాండ్ ఇసుకదిబ్బ అడ్డంగా పెరిగి ఉండటంతో లోపలి నీరు నెమ్మదిగా కదులుతుంది, సన్నటి బురద అక్కడే దిగుతుంది. లోహాలు ఇసుకను పెద్దగా అంటుకోవు, సన్నటి నల్లబురదనే అంటుకుంటాయి. మీ అత్తగారు ఏరే చోటు మార్చాలనడం అందుకే.

ఇక అసలు భయపడవలసిన కాడ్మియం దగ్గరికి వద్దాం. ఇది తిన్నరోజు ఏమీ చేయదు. కడుపునొప్పి రాదు, వాంతి కాదు. తిన్నదానిలో కొద్ది శాతమే ఒంటికి పడుతుంది కానీ, పట్టింది మూత్రపిండంలో చేరి, సగం తగ్గడానికే పది నుంచి ముప్పై ఏళ్లు తీసుకుంటుంది. ఏళ్ల తరబడి పేరుకున్నాక మూత్రపిండపు సూక్ష్మనాళాలు దెబ్బతింటాయి, తరువాత ఎముకలు బలహీనపడతాయి. జపాన్‌లో జింజూ నది ఒడ్డున గనుల నీళ్లతో పండిన వరి తిన్నవాళ్లకు వచ్చిన ఇతాయి ఇతాయి వ్యాధి దీని కొసరూపం. అక్కడి ప్రభుత్వం దానికి కాడ్మియమే కారణమని 1968లో ఒప్పుకుంది. మన డెల్టాను దానితో పోల్చడం లేదు. ఆ లోహం నెమ్మదిగా ఏమి చేయగలదో చెప్పడానికే ఆ మాట ఎత్తాను.

ఎంత తినవచ్చు? యూరప్ ఆహార భద్రతా సంస్థ 2009లో పెట్టి 2011లో మళ్లీ ఖాయం చేసిన లెక్క ప్రకారం, శరీర బరువులో ప్రతి కిలోకూ వారానికి 2.5 మైక్రోగ్రాముల కాడ్మియం దాటకూడదు. మైక్రోగ్రాము అంటే మిల్లీగ్రాములో వెయ్యో వంతు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల ఉమ్మడి నిపుణుల సంఘం 2010లో అదే ప్రతి కిలోకూ నెలకు 25 మైక్రోగ్రాములు అంది. 60 కిలోల మనిషికి మొదటి లెక్కలో వారానికి 150, రెండో లెక్కలో దాదాపు 350 అవుతుంది. ఇద్దరూ మూత్రపిండం మీద తొలి ప్రభావాన్నే చూశారు, లెక్కగట్టిన దారులు వేరు. గర్భిణులకు, పిల్లలకు నేను చిన్న అంకెనే పట్టుకుంటాను.

ఇప్పుడు మీ గుల్లల్లో యూరప్ పరిమితి మేరకు, అంటే గ్రాముకు 1 మైక్రోగ్రాము ఉందనుకుందాం. చిప్ప తీసేసిన మాంసం 100 గ్రాములు తింటే 100 మైక్రోగ్రాములు. వారానికి ఒక్కసారి తింటే చిన్న అంకెలో మూడింట రెండు వంతులు అక్కడే అయిపోతాయి. మిగతా చోటులో అన్నం, ఆకుకూరలు, దుంపలు సర్దుకోవాలి, ఎందుకంటే మన కాడ్మియంలో ఎక్కువ భాగం మామూలుగా వచ్చేది వాటి నుంచే. వారానికి మూడుసార్లు తింటే 300, చిన్న అంకెకు రెట్టింపు. బాబు బరువు 15 కిలోలైతే అతని వారపు వాటా 37.5 మాత్రమే, అంటే 40 గ్రాముల మాంసంతో దాటిపోతుంది. ఈ అంకెలు జీవితకాలపు సగటు కోసం పెట్టినవి. ఇన్నాళ్లూ తిన్నాడు కదా అని బాబుకు ఏదో అయిపోయిందని కంగారుపడకండి. ఇకనుంచి పదిహేను రోజులకు ఒకసారి, చిన్న వాటా చాలు. మీకూ అంతే.

ఇదే తిండి తిన్నా కొందరి ఒంటికి కాడ్మియం ఎక్కువ పడుతుంది. ఒంట్లో ఇనుము తక్కువైతే పేగు దొరికిన లోహాన్నల్లా లాక్కుంటుంది, ఇనుముకు తెరిచిన దారిలోనే కాడ్మియం కూడా దూరుతుంది. మన రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత ఉంది. కాబట్టి ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే ఇనుము, ఫోలిక్ మాత్రలు మింగకుండా డబ్బాలో దాచుకునే అలవాటు ఉంటే, గుల్లలు మానడంకన్నా ముందు ఆ అలవాటు మానండి. ఇంకొక దారి పొగ. పొగాకు మొక్క నేలలోని కాడ్మియంను ఆకుల్లోకి లాగుతుంది. పొగతాగేవాళ్ల ఒంట్లో కాడ్మియం తాగనివాళ్లకన్నా రెట్టింపు దాకా ఉంటుంది. లంక పొగాకు చుట్ట నోట్లో పెట్టుకుని, గుల్లల్లో విషం ఉందట అని అరుగు మీద ఉపన్యాసమిచ్చే పెద్దమనిషి మీ ఇంట్లోనూ ఉంటే, ఈ వాక్యం ఆయనకు చదివి వినిపించండి.

ఆర్సెనిక్ గురించి భయం తగ్గించుకోండి. సముద్ర జీవుల్లో ఉండే ఆర్సెనిక్‌లో అధికభాగం సేంద్రియ రూపంలో, అంటే కార్బన్‌తో జతకట్టి ఉంటుంది, అది ఒంటికి అంటకుండా మూత్రంలో వెళ్లిపోతుంది. మనిషికి ప్రమాదమైనది నిరింద్రియ ఆర్సెనిక్, అది గుల్లల్లో కొద్ది వంతే. పట్టికలో ‘మొత్తం ఆర్సెనిక్’ అని ఉంటే ఆ అంకె ఎంత పెద్దదైనా దాన్నిబట్టి నిర్ణయం తీసుకోకూడదు. జింకు, రాగి విషయమూ దాదాపు ఇంతే. ఆల్చిప్పల్లో జింకు విపరీతంగా ఉంటుంది, అది వాటి స్వభావం.

పాదరసం అనగానే అందరూ జపాన్‌లోని మినమాటా పేరు ఎత్తుతారు. 1956లో బయటపడిన ఆ ఘోరంలో ఫ్యాక్టరీ పాదరసాన్ని నేరుగా అఖాతంలోకి వదిలితే, అక్కడి చేపలు, గుల్లలు తిన్నవాళ్ల నరాలు దెబ్బతిన్నాయి, తల్లి కడుపులోని బిడ్డలూ బలయ్యారు. అలాంటి సూటి కాలుష్యం లేనిచోట గుల్లల్లో పాదరసం తక్కువే ఉంటుంది. చిన్న చేపను పెద్ద చేప, దాన్ని ఇంకా పెద్ద చేప తింటూ పోయేకొద్దీ మిథైల్ పాదరసం, అంటే ఒంట్లో పేరుకునే పాదరస రూపం, పెరుగుతుంది. గుల్ల ఆ నిచ్చెనలో అడుగు మెట్టు మీద ఉంటే, సొర పైమెట్టు మీద ఉంటుంది. మనవైపు బాలింతకు పాలు పడతాయని పాలసొర వండిపెడతారు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు సొర తినవద్దని చాలా దేశాల ఆరోగ్య శాఖలు చెబుతున్నాయి. మీ ప్రసవం తరువాత సొరపుట్టు చేసి పెట్టాలని అత్తగారు ఇప్పటినుంచే అనుకుంటూ ఉంటే, ప్రేమతో చేసే పనే కాబట్టి గట్టిగా కాదనకండి, నెత్తళ్లో కవళ్లో వండమని అడగండి. చిన్న చేపలు, పాదరసం తక్కువ, కొవ్వులూ మంచివి.

సీసం గురించి మాత్రం మీరు అడగని ప్రశ్న ఒకటి నేను అడుగుతాను. మీ ఇంట్లో వలలు ఉన్నాయా? వల అంచుకు కట్టే సీసం గుండ్లను ఇంటి పెరట్లోనే కరిగించి పోస్తారా? మత్స్యకారుల ఇళ్లలో పిల్లల ఒంట్లోకి సీసం చేరే దారుల్లో నేను మొదట వెతికేది దీన్నే. కరిగించేటప్పుడు వచ్చే పొగ, నేలమీద పడ్డ పొడి, వల బాగుచేస్తూ గుండును పళ్లతో నొక్కే అలవాటు, ఆ చేతులతోనే అన్నం కలపడం, ఇవన్నీ కలిస్తే గుల్లకూరలోని సీసం లెక్కలోకి రాదు. పిల్లల పేగు పెద్దలకన్నా సీసాన్ని ఎన్నో రెట్లు పీల్చుకుంటుంది. ఇంతవరకు భద్రం అని చెప్పగల మోతాదు సీసానికి లేదని తేలడంతో, పైన చెప్పిన ఉమ్మడి నిపుణుల సంఘం 2010లో తన పాత వారపు పరిమితిని ఉపసంహరించుకుంది. ఆ కరిగింపు పని ఇంటికి, బావికి, పిల్లలు ఆడుకునే చోటుకు దూరంగా జరగాలి. గర్భిణిగా మీరు ఆ చుట్టుపక్కలకే వెళ్లవద్దు. గుండ్లున్న వల ఒళ్లో వేసుకుని అల్లేవాళ్లు చేతులు సబ్బుతో కడుక్కున్నాకే పొయ్యి దగ్గరికి రావాలి.

వంటకు వద్దాం. ఎంత మరిగించినా లోహం ఆవిరైపోదు. నీరు ఇగిరి మాంసం కుదించుకుపోతే గ్రాముకు లోహం పెరిగినట్లే కనిపిస్తుంది కూడా. కొంత భాగం ఉడికిన నీటిలోకి దిగుతుంది కాబట్టి చిప్పలు తెరుచుకోవడానికి పోసి మరిగించిన మొదటి నీటిని పారబోయండి, పులుసులో కలపకండి. రుచి కొంత పోతుంది, నిజమే.

రాత్రంతా ఉప్పునీటిలో నానబెట్టి ఇసుక కక్కించడం మంచి అలవాటు. పేగులోని బురద బయటికి పోతే ఆ బురదకు అంటిన సీసం, క్రోమియం, ఇనుము కూడా పోతాయి. కండలో, గ్రంథిలో కలిసిపోయిన కాడ్మియం మాత్రం ఒక రాత్రిలో పోదు, శుభ్రమైన నీటిలో వారాలు, నెలలు ఉంచినా నెమ్మదిగానే తగ్గుతుంది. పెద్ద గుల్లలైతే నల్లటి జీర్ణసంచిని గోటితో తీసేయవచ్చు. చిన్నవాటికి ఆ శ్రమ కుదిరేది కాదు.

మండపీత విషయంలో పని తేలిక. పైచిప్ప విప్పగానే పసుపు, ఆకుపచ్చ కలిసిన మెత్తటి ముద్ద కనిపిస్తుంది. అది పీత జీర్ణగ్రంథి, కాడ్మియం చేరేది ప్రధానంగా అక్కడే. కాళ్లు, డెక్కల కండలో చాలా తక్కువ. ఎర్రటి గుడ్డు వేరు, ఈ ముద్ద వేరు, రెండూ ఒకటనుకుని చప్పరించేవాళ్లు ఎక్కువ. బాబుకు డెక్కల కండే పెట్టండి. రొయ్య తలలోనూ అదే గ్రంథి ఉంటుంది, తలలతో పెట్టే పులుసు మీరిద్దరూ తగ్గించుకోండి.

ఎక్కడ ఏరాలి, ఎప్పుడు ఏరాలి అన్నది మీ అత్తగారికి నాకన్నా బాగా తెలిసిన విద్య, అందులో నేను చేర్చగలిగింది కొద్దే. మురుగు కాలువ కలిసే చోటు, జెట్టీ, పడవలకు రంగు గీకే ఒడ్డు, చెరువుల నీళ్లు వదిలే తూము, ఈ నాలుగింటి దగ్గర ఏరవద్దు. కుళ్లిన కోడిగుడ్డు వాసన వచ్చే నల్లబురదకన్నా, పోటుపాట్లు బాగా తగిలే ఇసుక కలిసిన మేట మేలు. వరద నీళ్లు దిగి ఉప్పదనం పడిపోయిన వారాల్లో మానేయడం మంచిది. ఉప్పునీటిలో క్లోరైడుతో జతకట్టి ఉండే కాడ్మియం, నీటిలో ఉప్పు తగ్గినప్పుడు విడిపడి గుల్లలోకి సులువుగా దూరుతుంది. గుడ్లు వదిలి చిక్కిపోయిన గుల్లలో కూడా కండ తగ్గి, గ్రాముకు లోహం ఎక్కువగా తేలుతుంది. కండపట్టిన కాలంలోనే ఏరడం మీ పాతవాళ్ల అలవాటు అయితే, దాన్ని కొనసాగించండి. కోరింగ అభయారణ్యం హద్దులోపల ఏరడానికి అటవీశాఖ నిబంధనలు వేరే ఉన్నాయి, అది మరిచిపోకండి.

లోహాల గొడవలో పడి అసలు తొందరగా మంచానపడేసే వాటిని వదిలేయకూడదు. మురుగు తాకిన గుల్లలతో వచ్చేవి విబ్రియో బాక్టీరియా, కామెర్ల వైరస్‌లు. ఇవి పూర్తిగా ఉడికిస్తే చస్తాయి, కాబట్టి నోరు తెరవగానే దించేయకుండా ఇంకాసేపు మరగనివ్వాలి. నీటి రంగు ఎర్రగానో ఆకుపచ్చగానో మారి చేపలు తేలుతుంటే మాత్రం ఎంత ఉడికించినా తినవద్దు. కొన్ని నాచుల విషం మంటకు లొంగదు. 1981లో తమిళనాడులో వాయలూరు దగ్గర గుల్లలు తిని కొందరు చనిపోయింది అలాంటి విషంతోనే. పెదవులు, నాలుక తిమ్మిరెక్కితే అది రాత్రి గడిచాక చూద్దామనుకునే లక్షణం కాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

పరీక్షల మాట. ‘హెవీ మెటల్ ప్యాకేజీ’ అని అమ్మే రక్తపరీక్ష మీకు ఇప్పుడు అవసరం లేదు. ఆ ముందురోజు గుల్లలో రొయ్యలో తిని మూత్రంలో ఆర్సెనిక్ చూపిస్తే, ఆ సేంద్రియ ఆర్సెనిక్ అంతా కలిసి అంకె ఆకాశంలో ఉంటుంది, ఎవరో ఒకరు మందులు కూడా రాసేస్తారు. చేయించుకోవలసి వస్తే మూడు నాలుగు రోజులు సముద్రపు తిండి మానేశాకే చేయించుకోవాలి. ఇంట్లో సీసం కరిగించే పని ఉంటే మాత్రం బాబుకు, మీకు రక్తంలో సీసం ఒక్కటి చూపించండి. డెసిలీటరుకు, అంటే 100 మిల్లీలీటర్ల రక్తానికి, 5 మైక్రోగ్రాములు, ఆపైన ఉంటే అది ఎక్కడినుంచి వస్తోందో వెతికి ఆపమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకం చెబుతోంది. మధుమేహం, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు ఇంట్లో ఉంటే గుల్లల వాటా మీతోపాటే తగ్గించాలి.

మనుషుల రక్తం పరీక్షించడంకన్నా గుల్లలను పరీక్షించడం నయం. ఖర్చు ఒక్క ఇల్లు భరించనక్కర్లేదు, ఒకే మేట మీద ఏరే నాలుగైదు కుటుంబాలు కలిసి పంచుకోవచ్చు. ఒకేచోట ఏరిన, ఒకే సైజు గుల్లలు ముప్పై దాకా తీసుకోండి. ఒక రాత్రి ఇసుక కక్కించి, స్టీలు కత్తితో మాంసం తీసి, కొత్త పాలిథిన్ సంచిలో వేసి ఐసులో పెట్టి, ఎన్‌ఏబీఎల్ (ప్రయోగశాలలకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ఆహార పరీక్షా ప్రయోగశాలకు పంపండి. కాడ్మియం, సీసం, పాదరసం మూడు చాలు. ఆర్సెనిక్ అడిగితే నిరింద్రియ ఆర్సెనిక్ విడిగా కొలవగలరా అని ముందే కనుక్కోండి, లేకపోతే డబ్బు దండగ. ఫలితం తడి బరువు మీద ఇమ్మని దరఖాస్తులో రాయండి. వానల ముందు ఒకసారి, వరద తగ్గి నీరు మళ్లీ ఉప్పెక్కాక ఒకసారి చేయిస్తే ఆ మేట తీరు తెలుస్తుంది. కాడ్మియం కిలోకు 0.3 మిల్లీగ్రాముల లోపు వస్తే మీ అత్తగారు ఇప్పటిలాగే వండుకోవచ్చు. 1 దాటితే ఇంటిల్లిపాదికీ ఆ మేట వద్దు. మధ్యలో వస్తే ఆ కాగితం ఇక్కడ పెట్టండి, మనిషి మనిషికీ వాటా లెక్కగట్టి ఇస్తాను.